మామయ్య చేసిన మొదటి గడియారం

మా ఇంటి గోడ మీది గడియారంలో సున్నా నుంచి పదహారు దాకా అంకెలుంటాయి. పది దగ్గర ఒక ఎర్రగీత ఉంటుంది. ముల్లు ఒక్కటే. కొత్తగా వచ్చినవాళ్లు దాని వంక చూసి, తమ చేతి గడియారం చూసుకుని, మళ్లీ దాని వంక చూసి, చివరికి మర్యాద కోసం బాగుందంటారు.

అది అసలు గడియారమే కాదు. కాగితం మిల్లులో బాయిలర్ మీద ఉండే ప్రెషర్ గేజీ. లోపల ఆవిరి ఎంత ఒత్తిడితో ఉందో కేజీల లెక్కన చెప్పే పరికరం. ఇత్తడి చుట్టు, తెల్లటి పలక, నల్లటి అంకెలు. మా అమ్మకి సొంత అన్నయ్య, నా మేనమామ, దాని లోపలి యంత్రం తీసేసి బ్యాటరీతో నడిచే గడియారం బిగించాడు. అంకెల జోలికి మాత్రం పోలేదు. ముల్లు ఎనిమిది మీద నిటారుగా నిలబడితే మధ్యాహ్నం పన్నెండు. ఎర్రగీత దాటితే ఒంటిగంట దాటినట్టు. పలక కింది భాగంలో అంకెలే లేవు కాబట్టి సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా మా ఇంట్లో టైమనేదే ఉండేది కాదు. నా చిన్నప్పటి ఆటలన్నీ ఆ లేని టైములోనే ఆడాను. పొద్దున్న మాత్రం అమ్మ వంటింట్లోంచి "రెండు కేజీలు దాటింది, ఇంకా జడ వేసుకోలేదా" అని అరిచేది. గోడ అవతల అద్దెకున్నవాళ్లు మేం ఏదో సరుకు తూస్తున్నామని చాలాకాలం అనుకున్నారట.

మామయ్య ఇలాంటివి యాభై పైచిలుకు చేశాడు. మూలనపడ్డ ఓల్టు మీటర్లు, లారీల స్పీడోమీటర్లు, తూకం యంత్రాల గుండ్రటి పలకలు, ఏది దొరికినా తెచ్చి గడియారం చేసేవాడు. వాన వస్తుందో రాదో చెప్పే పాత బారోమీటరు ఒకటి చేసి తన గదిలో పెట్టుకున్నాడు. అందులో అంకెలకి బదులు మాటలుండేవి. అందుకని మామయ్య పొద్దున టిఫిను తుఫానులో చేసి, సాయంత్రం టీ పొడి వాతావరణంలో తాగేవాడు. ఒకసారి పేపరాయన ఒకడు వచ్చి ఫొటో తీసి, "ఈ ఆలోచన మీకెలా వచ్చిందండీ?" అని అడిగాడు. మామయ్య "ఊరికే" అన్నాడు. ఆయన ఇంకేదో వస్తుందని పెన్ను పట్టుకుని కాసేపు కూర్చుని, లేచి వెళ్లిపోయాడు.

మిల్లులో మామయ్యని సున్నా మేస్త్రీ అనేవాళ్లు. గేజీలు బాగుచేసి పరీక్షించడం ఆయన పని. బాగుచేసిన ప్రతి గేజీ ముల్లూ సున్నా మీద సరిగ్గా కూర్చుంటే తప్ప గది దాటనిచ్చేవాడు కాదని ఆ పేరు. మా నాన్న అదే మిల్లులో బాయిలర్ నడిపేవాడు. నాకు ఆరేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం ఆ బాయిలర్ పేలింది. నాన్నా, ఆయనతో పనిచేసే, పొయ్యిలో బొగ్గు వేసే మనిషీ అక్కడికక్కడే పోయారు. ఒత్తిడి మితిమీరితే తనంతట తానే ఆవిరి వదలాల్సిన సేఫ్టీ వాల్వు తుప్పుపట్టి కదల్లేదట. దాని సంగతి విచారణ కాగితాల్లో ఒక మూల రాశారు. పైన పెద్దగా రాసింది వేరే. గేజీ సరిగ్గానే ఉంది, ముల్లు ఎర్రగీత దాటినా బాయిలర్ మనిషి పట్టించుకోలేదు, ప్రమాదానికి అతని అజాగ్రత్తే కారణం.

ఆ 'అజాగ్రత్త' అనే మాట మా ఇంటికి వచ్చి స్థిరపడింది. బళ్లో పిల్లలు అన్నారు. బొగ్గు మనిషి భార్య వీధిలో అమ్మని ఆపి, నలుగురూ చూస్తుండగా అంది. అన్నిటికంటే ఎక్కువగా అమ్మే అంది. నేను పాలు ఒలకబోసినా, తాళంచెవి మర్చిపోయినా, "అంతా ఆ మనిషి బుద్ధే" అనేది. నాన్నని ఆమె ఎప్పుడూ 'ఆ మనిషి' అనే అనేది. నేను ఇప్పటికీ ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాను, పొయ్యి ఆపేసి రెండుసార్లు వెనక్కి వస్తాను. ముప్ఫైనాలుగేళ్ల దాన్ని, నా జీవితమంతా నేను ఆ మనిషి కూతుర్ని కానని రుజువు చేసుకోవడానికే సరిపోయింది.

ఆ రోజుల్లో మమ్మల్ని నిలబెట్టింది మామయ్యే. పెళ్లి మాట ఎవరెత్తినా ముఖం చాటేశాడు. నా బడి, నా జ్వరాలు, ఇంటి కప్పు, అన్నీ ఆయనే చూసుకున్నాడు. అమ్మ ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ప్రమాదమైన ఏడాదికి అమ్మ ఆయన్ని ఒక్కటే అడిగిందట. "ఆ గేజీ నాకు తెచ్చిపెట్టు అన్నయ్యా. ఆ మనిషి చివరిసారి చూసింది దాన్నే." మామయ్య నెల రోజులు నీళ్లు నమిలి, చివరికి తెచ్చాడు. తెచ్చేటప్పటికి అది గడియారమైపోయింది. ఆయన చేసిన మొట్టమొదటి గడియారం అదే. ఆ తర్వాత ఇక ఆగలేదు.

నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నది ఇరవై రెండేళ్లప్పుడు, చదువైపోయి ఉద్యోగం దొరక్క చేతులు ముడుచుకుని కూర్చున్నప్పుడు. అప్పటికి ఆయన మిల్లు మానేసి, మా వీధి చివర ఒక గది తీసుకుని బయటివాళ్ల గేజీలు బాగుచేస్తున్నాడు. ఇప్పుడు ఆ గది నేనే నడుపుతున్నాను. పని నేర్పేటప్పుడు ఆయనకి రెండు పట్టింపులుండేవి. ఒకటి, యంత్రం విప్పేముందు ఏ పన్ను ఏ పన్నుతో కలిసిందో సూదిమొనతో గీత గీయాలి. మార్చి బిగిస్తే రెండో గీత గీయాలి. రెండోది గడియారాలకి. తీసేసిన లోపలి యంత్రాన్ని పారేయకూడదు. గుడ్డముక్కలో చుట్టి, దారంతో కట్టి, గడియారం వెనకే పెట్టాలి.

"లోపలి సరుకు దానితోనే ఉండాలమ్మాయ్. రేపెవరైనా దీన్ని మళ్లీ గేజీ చేసుకుంటామంటే మనం అడ్డం కాకూడదు" అనేవాడు.

మా ఇంటి గడియారాన్ని మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. బ్యాటరీ మార్చాల్సి వస్తే తనే స్టూలు వేసుకుని ఎక్కేవాడు. నా పనితనం మీద నమ్మకం లేదేమోనని నాకు ఒళ్లు మండేది.

మొన్న ఆయన కంటికి ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో గడియారం ఆగిపోయింది. "మామయ్య వచ్చేదాకా ఎందుకే, నువ్వు చూడలేవా" అంది అమ్మ. నాకూ పట్టుదలగానే ఉంది. దించి, వెనక మూత విప్పాను. బ్యాటరీ కారి పచ్చగా చిలుం పట్టింది. దాని పక్కన, ఆయన పట్టింపు ప్రకారమే, చిన్న గుడ్డమూట ఉంది. తడి తగిలిందేమోనని విప్పి చూశాను.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి. గేజీ లోపల ఒక వంపు గొట్టం ఉంటుంది. ఆవిరి ఒత్తిడికి అది కొంచెం విచ్చుకుని, పళ్లున్న ఒక రేకుముక్కని లాగుతుంది. ఆ పళ్లు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి, చక్రానికి ముల్లు ఉంటుంది. బాయిలర్ రోజంతా ఒకే ఒత్తిడి దగ్గర నడుస్తుంది కాబట్టి ఎప్పుడూ ఆ నాలుగైదు పళ్లే అరుగుతాయి. అరిగినచోట ముల్లు వణుకుతుంది. కొత్త యంత్రం చేతికి రానప్పుడు మా పనివాళ్లు ఒక కిటుకు చేస్తారు. చక్రాన్ని నాలుగైదు పళ్లు పక్కకి జరిపి, ముల్లు పీకి మళ్లీ సున్నా మీద కూర్చోబెడతారు. కొత్త పళ్లు వాడకంలోకి వస్తాయి, వణుకు పోతుంది. కానీ ఇవతల జరిపినన్ని పళ్లు అవతల తగ్గుతాయి. పళ్లు అయిపోయినచోట ఒక మెట్టుంటుంది. రేకుముక్క అక్కడ తగిలి ఆగిపోతుంది, దాంతోపాటు ముల్లూ ఆగుతుంది. ఆ తర్వాత లోపల ఒత్తిడి ఎంత పెరిగినా ముల్లు కదలదు.

మూటలోని రేకుముక్క మీద రెండు గీతలున్నాయి. మామయ్య చేతి గీతలు, ఎక్కడున్నా గుర్తుపడతాను. రెండిటి మధ్య ఐదు పళ్లు. మిగిలిన పళ్లని వేలిగోరుతో లెక్కపెట్టాను. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ లెక్కపెట్టాను. ఈ ముల్లు పదికి చేరే వీలే లేదు. మా నాన్న ఎర్రగీత దాటిన ముల్లుని పట్టించుకోకపోవడం కాదు, ఆ ముల్లు ఎర్రగీత దాకా రానేలేదు. వంటింట్లోంచి అమ్మ "బాగవుతుందా?" అని అడిగింది. నేను బ్యాటరీ కొనాలని చెప్పి చెప్పులేసుకున్నాను.

మామయ్య ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే వెళ్లాను. ఒక కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను మూట ఆయన చేతిలో పెట్టాను. వేళ్లతో తడిమాడు. విప్పలేదు.

"గీతలు చూశావా?" అన్నాడు.

"చూశాను."

"ఎన్ని పళ్లు?"

"ఐదు."

"ఎక్కడ ఆగుతుంది?"

"తొమ్మిది దగ్గర."

"తొమ్మిదీ పావు" అన్నాడు.

అంత కోపంలోనూ నాకు ఏడుపొచ్చింది. అప్పుడు కూడా నా లెక్క దిద్దుతున్నాడు.

తర్వాత తనే చెప్పాడు. ముల్లు ఏడు దగ్గర వణుకుతోందని గేజీ తన దగ్గరికి వచ్చింది. కొత్త యంత్రం కోసం ఆఫీసుకి మూడుసార్లు రాశాడు. తెల్లారి బాయిలర్ వెలిగించాలి, గేజీ కావాలన్నారు. ఐదు పళ్లు జరిపాడు. పరీక్ష పంపు మీద పెట్టి ఎనిమిది దాకా ఎక్కించి చూశాడు. చక్కగా ఎక్కింది, చక్కగా దిగింది, సున్నా మీద కూర్చుంది.

"పైకి ఎక్కించి చూడలేదు. షిఫ్టు అయిపోయింది. ఎప్పుడూ ఏడు మీద నడిచే బాయిలరే కదా అనుకున్నాను."

"విచారణలో గేజీ చూడమని ఎవరికిచ్చారు?"

"నాకే."

"నువ్వేం రాశావు?"

ఆయన మూటకి కట్టిన దారం బిగించాడు. రాసింది నేను చదివాను, ఊరంతా చదివింది. గేజీ సరిగ్గానే ఉంది.

"నిజం రాస్తే జైలుకి పోయేవాణ్ణి. నువ్వు ఆరేళ్ల దానివి. మీ ఇద్దరినీ ఎవరు..."

"మా పేరు చెప్పకు మామయ్యా" అన్నాను. "మమ్మల్ని మధ్యలోకి లాగకు."

అన్నీ అర్థమవుతున్నాయి. గేజీని అమ్మ అడిగినప్పుడు యంత్రంతో సహా ఇస్తే, ఇంటికి వచ్చే మిల్లువాళ్లలో తెలిసినవాడెవడో ఒకడు విప్పి చూడొచ్చు. అందుకే గడియారం. ఒక్కటే చేస్తే అనుమానం వస్తుంది, అందుకే యాభై. అన్నీ చేసినవాడు ఆ ఒక్క మూటని కాలవలో పారేయొచ్చు కదా. అదీ చేయలేకపోయాడు. పట్టింపు ప్రకారం గుడ్డలో చుట్టి మా గోడ మీదే పెట్టాడు.

"నీకు ఈ పని నేర్పింది ఎందుకనుకున్నావు?" అన్నాడు చివరికి. "నేను చెప్పలేనని నాకు తెలుసు. ఆ గీతలు నువ్వే చదువుకుంటావని."

"మరి ఆ గడియారం దగ్గరికి నన్నెందుకు రానివ్వలేదు?"

ఆయన కంటి కట్టు సర్దుకున్నాడు. పన్నెండేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన మనిషికి ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు. నాకు ఆయన మీద అసహ్యం వేసింది. కంట్లో మందు వేసే టైమైతే మందు వేసి, అప్పుడే లేచాను.

"చెల్లికి నేనే చెప్తాను. ఆదివారం వస్తాను" అన్నాడు గుమ్మం దాకా వచ్చి.

వచ్చాడు. వస్తాడని నేను అనుకోలేదు. గోడ మీద గడియారం ఉన్నచోట గుండ్రటి మరక మిగిలింది. దాని కింద కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ ఎప్పట్లాగే ముందు ఆయనకి టీ ఇచ్చి, కంటి సంగతి అడుగుతూ, మధ్యలో నా వంక చూసి, "వారం రోజులైంది దించి, ఇంకా బాగుచేయలేదు. అంతా ఆ మనిషి బుద్ధే" అంది.

"చెల్లీ, బావది తప్పు లేదు" అన్నాడు మామయ్య. టీ కప్పు కింద పెట్టేశాడు. "ముల్లు తొమ్మిది దాటకుండా నేనే చేశాను. తెలియక చేశాను. తెలిశాక దాచాను."

అంతే చెప్పాడు. అమ్మ నిలబడే ఉంది. ఏడుస్తుందనుకున్నాను, లేదా ఆయన మీద విరుచుకుపడుతుందనుకున్నాను. ఆమె చాలాసేపు ట్రే అంచు తుడుస్తూనే ఉంది.

"నాకు తెలుసు" అంది.

మామయ్య తలెత్తాడు.

"ఆ రోజు పొద్దున చొక్కా వేసుకుంటూ నాతో చెప్పాడు. మీ అన్నయ్య బిగించిన గేజీ తొమ్మిది దగ్గర మొరాయిస్తోంది, నిన్న రెండుసార్లు చూశాను, ఇవాళ ఆఫీసులో రాయించి బాయిలర్ ఆపిస్తాను అన్నాడు." అమ్మ గొంతులో ఏ మార్పూ లేదు. "మా అన్నయ్య పనికి వంకలు పెట్టకండి అన్నాను. అన్నయ్య ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, మీరు కాగితం మీద రాస్తే ఆయన నోట్లో మట్టి కొట్టినట్టే అన్నాను. సాయంత్రం నేనే అన్నయ్యతో చెప్పి మార్పిస్తాను, ఒక్క పూట ఆగండి అన్నాను. సరే అన్నాడు."

అమ్మ ట్రే కింద పెట్టింది.

"ఆగాడు" అంది అమ్మ.

ఇరవై ఎనిమిదేళ్లు. ఈయన ఆమెకి తెలియదనుకుని ఆమెని పోషించాడు. ఆమె ఈయన పని పోకూడదని, తన మాట బయటపడకూడదని నోరు కట్టుకుంది. ఎవరి తప్పు వాళ్లు దాచుకుంటూ ఇద్దరూ కలిసి మా నాన్నని అజాగ్రత్త మనిషిని చేశారు. ఆయన ముల్లుని చూశాడు, అనుమానించాడు, చెప్పాడు. ఆ మిల్లులో జాగ్రత్తగా ఉన్నది ఆయనొక్కడే. ఈ మాటలన్నీ నేను పైకే అన్నాను. గొంతు చించుకునే అన్నాను. వాళ్లిద్దరూ తలలు వంచుకుని విన్నారు. పెద్దవాళ్లని అలా అనొచ్చా అని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు.

నేను ఆగాక అమ్మ అడిగింది. "ఆ యంత్రం మళ్లీ అందులో బిగించగలవా? ఎలా ఉండేదో అలాగే."

"అలాగే అంటే?"

"తప్పు దిద్దకుండా. నేను చూడాలి."

మామయ్య జేబులోంచి మూట తీసిచ్చాడు. గడియారం పట్టుకుని ముగ్గురం వీధి చివరి గదికి నడిచాం. మధ్యాహ్నపు ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. గడియారం ముక్కలు తీసి పక్కన పడేసి, గొట్టం, రేకుముక్క, చక్రం గేజీలో బిగించాను. రేకుముక్క మీది రెండో గీత దగ్గరే చక్రాన్ని కలిపాను. ముల్లుని సున్నా మీద కూర్చోబెట్టాను. పరీక్ష పంపుకి రెండు మూతులుంటాయి. ఒకదానికి నా మంచి గేజీ, రెండోదానికి ఇది బిగించాను. పంపు తిప్పితే రెండిటికీ ఒకే ఒత్తిడి వెళ్తుంది. అమ్మకి అదంతా చెప్పాను. ఆమె బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది.

నెమ్మదిగా తిప్పాను. రెండు ముళ్లూ కలిసి లేచాయి. మూడు, ఐదు, ఏడు. ఎనిమిది దగ్గర కూడా వెంట్రుకవాసి తేడా లేదు. తొమ్మిది దాటి మా గోడ మీది ముల్లు ఆగింది. మంచి గేజీ ముల్లు పదికి వెళ్లింది. పదకొండుకి వెళ్లింది. పన్నెండుకి వెళ్లింది. గొట్టం సన్నగా మూలిగింది. ఎర్రగీతకి ఇవతల, తొమ్మిదీ పావు దగ్గర, మామయ్య చెప్పిన చోటే, ముల్లు ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"ఇంతేనా ఆయనకి కనిపించింది?" అంది అమ్మ.

"ఇంతే అమ్మా."

మామయ్య గుమ్మం దగ్గరే, గోడకి ఆనుకుని, కట్టు ఉన్న కన్ను మా వైపు పెట్టి నిలబడ్డాడు. నేను ఒత్తిడి వదిలేశాను. రెండు ముళ్లూ దిగి సున్నా మీద కూర్చున్నాయి.

"అన్నయ్యా, ఇలా వచ్చి ఈ పక్కన కూర్చో" అంది అమ్మ, చూపు తిప్పకుండా. "అమ్మాయ్, మళ్లీ ఎక్కించు. ఈసారి నెమ్మదిగా."